చుక్క గుర్తుకు చిత్తూరు ఓటు

(ఆచార్య ఎన్.జి. రంగా జయంతి సందర్భంగా చిత్తూరులో ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, చోటు చాలక గోడ పక్కన నిలబడిన విద్యార్థులకు కూడా.

మా ఊరు ఈ పట్టణానికి పదిహేను మైళ్లు. 1962లో నాకు తొమ్మిదేళ్లు. మా వీధి చివర బెల్లం గానుగ ఉండేది. దాని పక్కనున్న మట్టిగోడ మీద ఎవరో తడి సున్నంతో అయిదు కొమ్ముల చుక్క గీసి వెళ్లారు. సున్నం పలచనై ఒక కొమ్ము కిందికి జారింది. పిల్లలమంతా దాన్ని తోకచుక్క అనేవాళ్లం. తోకచుక్క కనిపిస్తే ఊరికి అరిష్టమని మా అవ్వ భయపడేది. మా నాయన నవ్వి, "అది ఆకాశంలో చుక్క కాదమ్మా, స్వతంత్ర పార్టీ చుక్క" అని చెప్పారు. వానలు పడి ఆ చుక్క చాలావరకు కరిగిపోయింది గానీ, జారిన తోక మాత్రం చాలా ఏళ్లు ఆ గోడ మీదే ఉండిపోయింది.

ఆ ఏడాది మా నాయన పార్లమెంటుకు రెండుసార్లు ఓటు వేశారు. మొదటిసారి సాధారణ ఎన్నికల్లో. వేలికి చెరగని సిరా పెట్టారు. ఆయన వేలిని పట్టుకుని సబ్బుతో రుద్ది చూసినవాణ్ని నేనే. రెండోసారి కొద్ది నెలలకే, ఉప ఎన్నికలో. మొదటిసారి కాంగ్రెస్ అభ్యర్థి అనంతశయనం అయ్యంగారికి వేశారు. రెండోసారి అదే కాంగ్రెస్‌ను ఎదిరించి నిలబడిన రంగా గారికి వేశారు. పెద్దవాణ్నయ్యాక, రాజనీతిశాస్త్రం చదువుకున్నాక, ఇదెలా కుదిరింది నాయనా అని అడిగాను. "అయ్యంగారు మన జిల్లా మనిషి. రంగా గారు సేద్యం ఎరిగిన మనిషి. ఇద్దరిలో ఎవరికి వేసినా నా ఓటు దండగ కాదు" అన్నారు. ముప్పై ఏళ్లు కాలేజీలో ఎన్నికల గురించి పాఠాలు చెప్పాను. ఓటరు మనసు గురించి ఇంత సూటిగా చెప్పిన పుస్తకం నాకు దొరకలేదు.

ఈ జిల్లా ఓటరు కొద్ది నెలల తేడాలో ఇలా రెండు వైపులా ఎందుకు మొగ్గాడన్నదే ఈ రోజు నా ప్రసంగం. రంగా గారి జీవితమంతా చెప్పాలంటే రాత్రి తెల్లవారుతుంది. ఆయన 1900 నవంబరు 7న పుట్టి 1995 జూన్‌లో కన్నుమూశారు. 1930 నుంచి 1991 వరకు, అరవై ఏళ్ల పాటు చట్టసభల్లో ఉన్నందుకు గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కారు. అంత పొడవైన ప్రయాణంలో మన చిత్తూరు ఒక మజిలీ మాత్రమే. అయినా ఆయన రాజకీయ జీవితం ఆగిపోవలసిన చోట ఆగకుండా నిలబెట్టిన మజిలీ అది.

ఆ ఉప ఎన్నిక ఎందుకు వచ్చిందో ముందు చెబుతాను. మాడభూషి అనంతశయనం అయ్యంగార్ తిరుచానూరులో 1891లో పుట్టారు. మొదట లెక్కల పంతులు, తర్వాత వకీలు. మొదటి లోక్‌సభకు తిరుపతి నుంచి, ఆ తర్వాత రెండుసార్లు చిత్తూరు నుంచి గెలిచారు. మావలంకర్ మరణం తర్వాత 1956లో లోక్‌సభ స్పీకరయ్యారు. 1962లో రెండోసారి ఇక్కడ గెలిచారు గానీ, ఆ మే నెలలోనే బీహార్ గవర్నరుగా వెళ్లారు. అలా చిత్తూరు స్థానం ఖాళీ అయింది.

సరిగ్గా అదే సమయంలో రంగా గారు ఓడిపోయి ఉన్నారు. ఓడింది ఎక్కడో కాదు, తెనాలిలో, సొంత గడ్డ మీద. కమ్యూనిస్టు అభ్యర్థి కొల్లా వెంకయ్య చేతిలో. ఆయన స్థాపక అధ్యక్షుడిగా ఉన్న పార్టీకి ఆ ఎన్నికల్లో లోక్‌సభలో 18 స్థానాలు వచ్చాయి. అధ్యక్షుడు మాత్రం సభ బయట ఉండిపోయారు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. ఇక ఇంటికి పోయి పుస్తకాలు రాసుకోవచ్చు అని జనం అనుకునే వేళ అది.

ఇక్కడ నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఒకటి ఉంది. స్వతంత్ర పార్టీకి ప్రాణం పోసినవారు రాజాజీ. ఉమ్మడి మద్రాసు ముఖ్యమంత్రిగా ఆయన మీద, ఆంధ్ర రాష్ట్రం నాటి గొడవల వల్ల, తెలుగువాళ్లకు చాలా కోపం ఉండేది. పైగా మన జిల్లా సంగతి చూడండి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మన చేతి నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది. నెలనెలా కృత్తికకు కొండకు వెళ్లి వచ్చే కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉండేవి. ఆ పుండు ఇంకా పచ్చిగా ఉండగానే, రాజాజీ పార్టీ జెండాతో, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన, అక్కడ ఓడి వచ్చిన మనిషిని మనవాళ్లు గెలిపించి ఢిల్లీకి పంపారు. జిల్లా అభిమానం, భాషాభిమానం, అధికార పక్షం అండ, అన్నీ ఆయనకు ఎదురే. మరి ఏ బలం ఆయన్ను గెలిపించింది?

ఆ బలం పేరు పట్టా. మా నాయన ఇంట్లో ఒక రేకు పెట్టె ఉండేది. అందులో అవ్వ కమ్మలు, కలరా ఉండలు, అడుగున గుడ్డలో చుట్టిన కాగితాలు. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు అన్నీ నల్లసిరాతో రాసిన పాత పట్టా. మడతల దగ్గర చిరిగితే అంబలితో అతికించారు. మొత్తం మూడెకరాల పదకొండు సెంట్లు. ఒక మోటబావి, దాని కింద చెరకు, మిగిలిన మెట్టలో వేరుశనగ. ఏటా ఒకసారి ఆ కాగితాలను ఎండకు పరిచి, మళ్లీ చుట్టి పెట్టేవారు. ఆ రోజు ఆయన స్నానం చేయకుండా ఆ పెట్టె ముట్టేవారు కాదు. రంగా గారి రాజకీయాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ పెట్టెను చూసి ఉండాలి.

నిడుబ్రోలులో ఒక రైతు ఇంట పుట్టారు రంగా గారు. గుంటూరులో చదివి ఆక్స్‌ఫర్డు వెళ్లారు. 1926లో అర్థశాస్త్రంలో బి.లిట్. పట్టా తీసుకుని వచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యుడయ్యారు. పేరు ముందు 'ఆచార్య' అలా వచ్చింది. 1930లో గాంధీ పిలుపు విని స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. ఆ తర్వాత రైతే ఆయన పాఠం, రైతే ఆయన తరగతి. నిడుబ్రోలులో రామానీడు పేరుతో రైతాంగ విద్యాలయం పెట్టి రైతు బిడ్డలకు ఆర్థిక, రాజకీయ పాఠాలు చెప్పారు. 1930ల తొలినాళ్లలో వెంకటగిరి జమీందారీ రైతుల ఉద్యమానికి అండగా నిలిచారు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న వెంకటగిరే అది. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, మన రంగా గారు ప్రధాన కార్యదర్శి.

1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆయన మాట్లాడిన తీరు విద్యార్థులు తప్పక చదవాలి. మతాల లెక్కన అల్పసంఖ్యాకులెవరు అని సభ తర్జనభర్జన పడుతుంటే ఆయన లేచి, ఈ దేశంలో అసలైన అల్పసంఖ్యాకులు సామాన్య ప్రజలే అన్నారు. సంఖ్యలో కోట్లుగా ఉండి, హక్కుల దగ్గర పిడికెడు కూడా లేనివాళ్ల గురించి ఆ మాట. ఆ మాట అన్న మనిషే పదమూడేళ్ల తర్వాత, పత్రికలు 'మితవాద పార్టీ', 'జమీందార్ల పార్టీ' అని పిలిచిన పార్టీకి అధ్యక్షుడు కావడం చాలామందికి మింగుడుపడలేదు.

మధ్యలో జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి 1951లో జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయారు. కాంగ్రెస్ వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులను ఎదుర్కోవడానికి మళ్లీ కాంగ్రెస్‌తో చేతులు కలిపారు. 1957లో కాంగ్రెస్ తరఫున తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు. ఈ రాకపోకలను తప్పుపట్టినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ 1959లో ఆయన కాంగ్రెస్ నుంచి బయటికి వెళ్లిన కారణాన్ని మాత్రం వేరుగా చూడాలి.

ఆ జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ సహకార సేద్యం తీర్మానం చేసింది. రైతులు పొలాలను కలిపి ఉమ్మడిగా సాగు చేయాలి. యాజమాన్యం కాగితం మీద రైతుదే. పంటలో వాటా అతను కలిపిన భూమిని బట్టి, చేసిన కష్టాన్ని బట్టి. వినడానికి బాగానే ఉంది. అయితే మోటబావి కింద చెరకు వేయాలా, వరి వేయాలా అన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఎద్దులు ఎవరి కొట్టంలో ఉంటాయి? గట్టు తీసేసిన పొలానికి మళ్లీ గట్టు వేసుకోవాలంటే ఎవరి దగ్గర అర్జీ పెట్టాలి? సేద్యం చేసిన ఇంటినుంచి వచ్చినవాడు మొదట అడిగే ప్రశ్నలివి. ఉత్తరాన చరణ్ సింగ్ కూడా ఆ తీర్మానాన్ని వ్యతిరేకించారు గానీ కాంగ్రెస్‌లోనే ఉండిపోయారు. రంగా గారు బయటికి వచ్చారు. రాజాజీ, మినూ మసానీ, కె.ఎం. మున్షీలతో కలిసి స్వతంత్ర పార్టీ కట్టారు. ప్రతిదానికీ సర్కారు అనుమతి కావాలనే పద్ధతిని పర్మిట్ లైసెన్స్ రాజ్యం అని రాజాజీ ఎత్తిపొడిచింది కార్ఖానాల సంగతి ఎక్కువ. రంగా గారి పట్టుదలంతా పొలం గట్టు దగ్గర ఉంది.

ఆయన్ను 'సంప్రదాయవాది' అనవచ్చా అని నన్ను విద్యార్థులు అడిగేవారు. ఉన్నది పాతది కాబట్టి గొప్పది అన్న అర్థంలో ఆయన సంప్రదాయవాది కారు. జమీందారీ అంతకంటే పాతది, దాన్ని కూల్చడానికే ఆయన యౌవనమంతా పోయింది. రైతు తన చేతికి వచ్చిన దాన్ని ఏ దొరా, ఏ ప్రభుత్వమూ మళ్లీ లాక్కోకూడదన్న పట్టు ఆయనది. దొర నుంచి కాపాడాలన్నప్పుడు జనం ఆయన్ను విప్లవకారుడన్నారు. ప్రభుత్వం నుంచి కాపాడాలన్నప్పుడు మితవాది అన్నారు. ఆయన కాపలా కాసిన పొలం మాత్రం ఒకటే.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. స్వతంత్ర పార్టీలో ఉత్తరాదిన రాజులు, రాణులు, పెద్ద భూస్వాములు చేరారు. జైపూర్ రాణి గాయత్రీదేవి, రామ్‌గఢ్ రాజా వంటివారు. జమీందారుల మీద పోరాడిన కిసాన్ సభ కార్యదర్శి వాళ్ల పక్కన కూర్చున్నారు. అది ఆయనకు తగిలిన మచ్చే. ఎందుకు సరిపెట్టుకున్నారో నేను వకాల్తా పుచ్చుకుని చెప్పను. ఇంకొకటి. పట్టా ఉన్న రైతు గురించి ఆయన ఎంత గట్టిగా మాట్లాడారో, పట్టా లేని కౌలుదారు గురించి, కూలి గురించి అంత గట్టిగా మాట్లాడలేదు. మా మూడెకరాల్లో చెరకు నరికినవాళ్లకు సెంటు భూమి లేదు. ఆ చుక్క వాళ్ల గోడల మీద లేదు. నా చిన్నతనంలో దాన్ని గమనించలేదు. ఇప్పుడు ఆ ఊరు తలుచుకుంటే మొదట కనిపించేది అదే.

ఇక చిత్తూరు సభ్యుడిగా ఆయన చేసిన పనికి వద్దాం. మూడో లోక్‌సభలో కాంగ్రెస్ 361 మందిని గెలిపించుకుంది. స్వతంత్ర పక్షానికి నాయకుడిగా రంగా గారు వాళ్లకు ఎదురుగా కూర్చున్నారు. ఆయన వచ్చిన ఏడాదే చైనా యుద్ధం. 1963 ఆగస్టులో కృపలానీ నెహ్రూ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. లోక్‌సభ చరిత్రలో అదే మొదటిది. అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347. ప్రతిపక్షం బలపడిన కథ చెప్పేటప్పుడు 1963లో ఉప ఎన్నికల్లో నెగ్గి సభకు వచ్చిన కృపలానీ, లోహియా, మసానీల పేర్లే పుస్తకాల్లో కనిపిస్తాయి. వాళ్లకంటే ఏడాది ముందు మన చిత్తూరు పంపిన మనిషి అక్కడ ఉన్నారు. ఆ వరుసలో మన ఊరి పేరు కూడా రాయాలని నా కోరిక.

అన్నిటికంటే పెద్ద పోరాటం పదిహేడో రాజ్యాంగ సవరణ మీద. దీన్ని కొంచెం నిదానంగా వినండి, మన పట్టాల కథే ఇది. జమీందారీలను రద్దు చేసినప్పుడు జమీందార్లు ప్రాథమిక హక్కుల పేరు చెప్పి కోర్టులకు ఎక్కారు. వాళ్లను ఆపడానికి 1951లో రాజ్యాంగంలో 31-ఎ అధికరణం చేర్చారు. 'ఎస్టేటు'ను ప్రభుత్వం తీసుకుంటే ఆ చట్టాన్ని సమానత్వ హక్కు, ఆస్తి హక్కుల కింద కొట్టివేయకూడదు అని దాని సారం. ఎస్టేటు అంటే అప్పుడు అందరికీ తెలిసిన అర్థం జమీందారీ.

1961 డిసెంబరులో కేరళ భూసంస్కరణ చట్టం మీద సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాసరగోడు, హోస్‌దుర్గ్ తాలూకాలు ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోవి, అంటే మనలాగే రైత్వారీ ప్రాంతాలు. అక్కడ రైతు శిస్తు నేరుగా సర్కారుకు కడతాడు, మధ్యలో దొర లేడు. అలాంటి భూమి ఎస్టేటు కాదు కాబట్టి 31-ఎ రక్షణ ఆ చట్టానికి లేదని కోర్టు తేల్చింది. దాన్ని దాటడానికి ప్రభుత్వం సవరణ తెచ్చింది. 'ఎస్టేటు' అన్న మాటలోకి రైత్వారీ భూమిని కూడా చేర్చింది. 44 చట్టాలను తొమ్మిదో షెడ్యూలులోకి, అంటే ప్రాథమిక హక్కుల పేరుతో కోర్టులు కొట్టివేయకుండా రాజ్యాంగం కాపాడే చట్టాల జాబితాలోకి ఎక్కించింది.

అంటే మా నాయన మూడెకరాల పదకొండు సెంట్లు రాజ్యాంగం దృష్టిలో ఎస్టేటు! వెంకటగిరి రాజానూ మా నాయననూ ఒకే గాట కట్టారు. రంగా గారు, ఆయన పార్టీ సభలోనూ బయటా దీన్ని ప్రాణం పెట్టి ఎదిరించారు. ఆపలేకపోయారు. 1964 జూన్ 20న రాష్ట్రపతి ఆమోదంతో అది చట్టమైంది. కానీ ఆ సవరణలోనే ఒక మినహాయింపు ఉంది. గరిష్ఠ పరిమితికి లోబడి రైతు స్వయంగా సాగు చేసుకునే భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. ఆ ఘనత అంతా ఒక్క రంగా గారిదే అని చెప్పను. అయితే అలాంటి మాట రాజ్యాంగంలో ఉండాలంటే సభలో ఎవరో ఒకరు చిన్న రైతు తరఫున గొంతు చించుకుని అరవాలి. అలా అరిచినవారిలో మన సభ్యుడు ముందున్నారు. ఆ మినహాయింపు ఇప్పటికీ రాజ్యాంగంలో ఉంది. రోడ్డుకో, కార్ఖానాకో పొలం పోగొట్టుకున్నవాళ్లు ఈ సభలో ఉంటే, ఇంటికి వెళ్లి 31-ఎ ఒకసారి చదువుకోండి.

తర్వాతి కథ తొందరగా ముగిస్తాను. 1967లో చిత్తూరు స్థానం కాంగ్రెస్‌కు, ఎన్.పి. చెంగల్రాయ నాయుడికి దక్కింది. ఆ ఎన్నికల్లో స్వతంత్ర పార్టీ 44 స్థానాలతో లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. శ్రీకాకుళంలో గెలిచిన గౌతు లచ్చన్న తన స్థానం వదులుకోగా, అక్కడి ఉప ఎన్నికలో రంగా గారు గెలిచి మళ్లీ సభకు వచ్చారు. గురువు కోసం శిష్యుడు పదవి వదులుకున్న ఘట్టం అది. 1971లో పార్టీ 8 స్థానాలకు కుంగిపోయింది, మరుసటి ఏడాది రాజాజీ కన్నుమూశారు. రంగా గారు కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లారు. మా నాయనకు అది నచ్చలేదు. ఆ వార్త చదివిన రోజు పేపరు మడిచి పక్కన పెట్టి, గొడ్లకు నీళ్లు పెట్టడానికి లేచి వెళ్లిపోయారు. 1980, 1984, 1989 ఎన్నికల్లో గుంటూరు నుంచి గెలిచారు రంగా గారు. 1984లో తెలుగుదేశం గాలికి రాష్ట్రంలో కాంగ్రెస్‌కు మిగిలింది 42 స్థానాల్లో ఆరు, ఆ ఆరింటిలో గుంటూరు ఒకటి. అప్పటికి ఆయనకు 84 ఏళ్లు. 1991లో పద్మవిభూషణ్ వచ్చింది.

రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర వ్యవసాయ కళాశాల దాని కిందిదే. అక్కడి పరిశోధన స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి వేరుశనగ రకాలు మన మెట్టల్లో వేస్తున్నారు. పోయిన ఏడాది మా తమ్ముడు ధరణి వేశాడు. ఒక చెట్టు పీకి మట్టి దులిపి నా చేతిలో పెట్టాడు. కాయ గట్టిగా పట్టింది. విత్తన సంచి మీద అచ్చయిన పేరు చూపించి, "ఈయన ఎవరో నీకు తెలుసా?" అని అడిగాను. యూనివర్సిటీ పేరు కదా అన్నాడు. మనకు ఎంపీగా ఉన్నారని చెబితే నమ్మలేదు.

అందుకే ఈ సభలో ఒక కోరిక కోరుతున్నాను. 1962 ఉప ఎన్నిక గురించి మన జిల్లాలో సరైన కాగితం ముక్క దొరకడం కష్టంగా ఉంది. మీ ఇళ్లలో అటకల మీద, రేకు పెట్టెల్లో, పాత పంచాంగాల మధ్య ఆనాటి కరపత్రాలు, ఫోటోలు, పార్టీ రసీదులు ఉండవచ్చు. చుక్క గుర్తు కనిపిస్తే పారేయకండి. తెచ్చి ఇక్కడి లైబ్రేరియన్ గారికి ఇవ్వండి. కాపీ తీసుకుని అసలు మీకే తిరిగి ఇస్తామని ఆయన మాట ఇచ్చారు. ఎనభై దాటిన పెద్దలు ఇంట్లో ఉంటే, ఆ రోజు ఎవరికి వేశారో, ఎందుకు వేశారో అడిగి రాసి పెట్టండి. ఆదివారాలు ఉదయం పది నుంచి నేను ఇక్కడే ఉంటాను. నడవలేని పెద్దలుంటే కబురు చేయండి, నేనే వస్తాను.